నీళ్లు నిలిపి చూడకుండానే టైల్స్ వేశారు: ఫ్లాటు మరమ్మతు పనులపై ఫిర్యాదు

విజయనగరం,
10 నవంబరు 2025.

మేనేజరు గారికి,
ప్రధాన కార్యాలయం, విశాఖపట్నం.

విషయం: మా మూడో అంతస్తు ఫ్లాటు మరమ్మతు పనుల్లో పర్యవేక్షణ లోపం.

అయ్యా,

రెండు స్నానాలగదులు, వంటిల్లు, వైరింగు, రంగులు అన్నీ కలిపి 6,80,000 రూపాయలకు మీ సంస్థతో ఒప్పందం చేసుకున్నాను. శ్రావణమాసంలో మంచిరోజు చూసి ఆగస్టు 4న పని మొదలుపెట్టారు. 45 రోజుల్లో ఇల్లు అప్పగిస్తామన్నారు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి మా ఆడపడుచులు పిల్లలతో వస్తారని ముందే చెప్పాను. "పండుగ మీ ఇంట్లోనే చేసుకుంటారు" అని మీ ప్రతినిధి మా అత్తగారికి మాట ఇచ్చారు. సిరిమాను తిరిగి నెల దాటింది. మేము ఇంకా అద్దె ఇంట్లోనే ఉన్నాం.

ఒక్క ఆలస్యమే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. వానలు పడ్డాయి, పనివాళ్లు పండుగకు ఊళ్లకు వెళ్లారు, అర్థం చేసుకోగలను. మేస్త్రీని, ప్లంబరును, వడ్రంగిని విడివిడిగా మాట్లాడుకుంటే నాకు ఇంతకంటే తక్కువలో అయిపోయేది. కానీ నేను ఉపాధ్యాయురాలిని, పగలంతా బడిలో ఉంటాను. ఏ పని తర్వాత ఏ పని జరగాలో తెలిసినవాళ్లు దగ్గరుండి చూస్తారన్న నమ్మకంతో మీ దగ్గరకు వచ్చాను. అందుకోసమే పర్యవేక్షణ రుసుము కింద విడిగా 60,000 రూపాయలు రాసుకున్నారు. ఆ పర్యవేక్షణే జరగలేదు.

పాత టైల్స్ పగలగొట్టాక గొట్టాలు వేయాలి. వాటిలోకి ఒత్తిడితో నీళ్లు ఎక్కించి ఎక్కడా కారడం లేదని చూడాలి. తర్వాత నేలకూ గోడల అడుగుకూ వాటర్‌ప్రూఫింగ్ పూత వేయాలి. అది ఆరాక నానీ ట్రాపు (నేల మీది నీళ్లు బయటకు పోయే తూము) మూసి రెండు రోజులు నీళ్లు నిలిపి, కింది ఇంటి కప్పు చూసి రావాలి. అప్పుడు గాని టైల్స్ వేయకూడదు. ఈ వరుస మీ కొటేషన్ రెండో పేజీలో మీరే రాశారు. ఆగస్టు 20 సాయంత్రం బడి నుంచి వచ్చి చూస్తే పూత ఇంకా వేలికి అంటుకుంటోంది. మర్నాడు సాయంత్రానికి సగం నేలకు టైల్స్ వేసేశారు. నీళ్లు ఎప్పుడు నిలిపారని మేస్త్రీని అడిగాను. ఇంజనీరుగారు వచ్చి పది రోజులైందని, ఫోనులో వేయమంటే వేశానని చెప్పాడు. అతన్ని నేను తప్పుపట్టను.

దసరా వెళ్లాక కింది ఇంటి మామ్మగారు పిలిచి తన పూజగది చూపించారు. స్నానాలగదికి ఆనుకొని ఉన్న గోడ మీద పళ్లెమంత మేర రంగు ఉబ్బి, గోరు తగిలితే పొరలుగా రాలుతోంది. పటాలన్నీ తీసి హాల్లో బల్ల మీద పెట్టుకున్నారు. స్నానాలగది కప్పు నుంచి చుక్కలు పడుతుంటే బకెట్టు పెట్టారు. నన్ను ఒక్క మాట అనలేదు. "దీపం మళ్లీ ఇక్కడ ఎప్పుడు పెట్టుకోవచ్చమ్మా?" అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. పనివాళ్లు కాళ్లూ చేతులూ కడుక్కున్న నీళ్లకే ఇలా అయితే, రేపు ఐదుగురం రోజూ స్నానాలు చేస్తే ఆమె ఇల్లు ఏమైపోతుంది?

పైకి వచ్చి రూపాయి బిళ్లతో టైల్స్ మీద కొట్టి చూశాను. గుమ్మం నుంచి మూడో వరుసలో నాలుగు టైల్స్ డొల్లగా మోగుతున్నాయి. వాటం కూడా తప్పింది. చెంబుడు నీళ్లు పోస్తే ట్రాపు వైపు పోకుండా గుమ్మం దగ్గర నిలుస్తున్నాయి.

వంటింట్లో సింకు కింద అరలకు ఐఎస్ 710 ముద్ర ఉన్న, తడికి బాగా తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ వాడతామని రాసి ఇచ్చారు. లామినేట్ అంటించని వెనుక వైపు టార్చి వేసి చూస్తే ఐఎస్ 303 అని, అంటే మామూలు వాడకపు ప్లైవుడ్ ముద్ర ఉంది. హాలుకు రంగులు వేశాక వైరింగు కోసం గోడలు తొలిచారు. అన్నిటికంటే భయపెట్టినది, చిమ్నీ గొట్టం కోసం బీముకు రంధ్రం వేయబోవడం. మా వాచ్‌మన్ చూసి అడ్డుపడ్డాడు కాబట్టి సరిపోయింది. కప్పు బరువు మోసే బీమును కాపాడవలసింది వాచ్‌మన్ కాదు, మీ ఇంజనీరు.

ఇప్పటికి 5,44,000 రూపాయలు చెల్లించాను. స్నానాలగది నేల పూర్తిగా తీసి, పూత మళ్లీ వేసి, మామ్మగారూ నేనూ చూస్తుండగా 48 గంటలు నీళ్లు నిలపాలి. ఆమె కప్పు, గోడ ఎండాక మీ ఖర్చుతో రంగులు వేయించాలి. సింకు కింద ప్లైవుడ్ మార్చాలి. పర్యవేక్షణ రుసుమును బిల్లులోంచి తీసేయాలి. ఏ తేదీన ఏ పని, ఎవరి బాధ్యత అన్నది ఇంజనీరు సంతకంతో నాకు రాసి ఇవ్వాలి. ఇవి పూర్తయ్యాకే మిగతా 1,36,000 రూపాయల సంగతి మాట్లాడదాం.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో పని మొదలుకాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. మీ ప్రధాన కార్యాలయం విశాఖపట్నంలో ఉన్నా, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం నేను నివసించే విజయనగరంలోనే ఫిర్యాదు చేయవచ్చు. ఫోటోలు, కొటేషన్ నకలు, రసీదులు జతచేశాను.

మీ ఇంజనీరు వచ్చే ముందురోజు ఫోను చేయాలి. మామ్మగారు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పడుకుంటారు. ఆ వేళలో పగలగొట్టే పని పెట్టవద్దు.

ఇట్లు,
ఫ్లాటు యజమానురాలు