అల్‌హంబ్రా పేరులో రాజు లేడు

సంపాదకులకు,

స్పెయిన్‌లోని గ్రనాడాలో ఉన్న కోట, రాజప్రాసాదం అల్‌హంబ్రాకు కట్టించిన రాజు పేరే వచ్చిందన్న మాట తరచు వినిపిస్తుంది. సరికాదు. గ్రనాడాను ఏలిన నస్రీ వంశ మూలపురుషుడు మొదటి ముహమ్మద్‌ను ‘ఇబ్నుల్ అహ్మర్’ (ఎర్రవాడి కొడుకు) అనేవారు, నిజమే. కానీ ఆయన అక్కడ పని మొదలుపెట్టింది 1238లో. ఆ కొండమీది కోటను ఎర్రకోట అనడం 9వ శతాబ్దం నుంచే ఉంది.

వ్యాకరణం కూడా ఒప్పుకోదు. అరబిక్‌లో ‘ఎరుపు’కు ‘అహ్మర్’ పుంలింగం, ‘హమ్రా’ స్త్రీలింగం. కోటకు వాడే ‘కల్‌అ’ స్త్రీలింగ పదం కనుక ‘అల్ కల్‌అ అల్ హమ్రా’ అన్నారు. వాడుకలో ‘కోట’ రాలిపోయి ‘ఎర్రది’ మిగిలింది. (మన ‘ఖిల్లా’కు మూలం ఆ కల్‌అయే.)

మరి ‘బ’ ఎక్కడిది? స్పానిష్ నోటికి మ, ర వెంటవెంటనే పలకడం కష్టం, మధ్యలో బ దూరుతుంది. ‘మనిషి’ అనే అర్థమున్న లాటిన్ ‘హోమినెమ్’ స్పానిష్‌లో ‘ఓంబ్రే’ అయినప్పుడూ ఇదే జరిగింది. హ పలకరు కనుక అక్కడివారికది ‘అలాంబ్రా’.

ఎరుపంటారా, ఇనుము పాలున్న స్థానిక మట్టిది. ఆ మట్టిలో గులకరాళ్లు, సున్నం కలిపి, చెక్క చట్రాల్లో పొరలుగా పోసి దిమ్మిస కొట్టిన గోడలవి. రాత్రిపూట దివిటీల వెలుగులో కట్టడం వల్ల ఎర్రగా కనిపించిందన్నది వినసొంపైన కథ మాత్రమే.

– ఒక పాఠకుడు, హైదరాబాద్