మా కోళ్ల గోల తీర్చిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

తణుకులో మా వీధి వాళ్లకు, పశువుల ఆసుపత్రి డాక్టరు గారికి, అందరికంటే ముందు ఎదురింటి మామ్మగారికి నలుగురిలో చెప్పుకోవాల్సిన థ్యాంక్స్ ఇది. ఎవరికి వాళ్లకు విడిగా చెప్పాను గానీ మనసు నిండలేదు. ఈమధ్య పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకునేవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు, వాళ్లకూ పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాను.

మావి గ్రామప్రియ పెట్టలు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం. బాగా తిరుగుతాయి, గోధుమరంగు గుడ్లు పెడతాయి, ఎవరి జోలికీ పోవు. అలాంటివి ఈ వేసవిలో ఎండలు ముదిరేసరికి పూర్తిగా మారిపోయాయి. సాయంత్రం గూటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేవి. పట్టుకుని లోపల పెడితే రాత్రంతా కాళ్లు మార్చుకుంటూ, రెక్కలు విదిలించుకుంటూ, ఉండుండి అరుస్తూనే ఉండేవి. పక్క వాటాలో అబ్బాయి పరీక్షలకు చదువుకుంటున్నాడు. వాళ్లమ్మగారు ఒక్క మాట అనలేదు, కిటికీ మూసుకున్నారంతే. ఆ ఓర్పుకు ఆవిడకు నేను ఎంతో రుణపడి ఉన్నాను.

గూట్లోకి పాము దూరుతోందేమోనని అందరికీ ఒకటే టెన్షన్. అమ్మేయమన్నవాళ్లున్నారు, కోసుకు తినేయమన్నవాళ్లూ ఉన్నారు. మామ్మగారు మాత్రం ఒక రాత్రి మా పెరట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. కాసేపు విని, "పాము కాదమ్మాయ్" అన్నారు. గద్ద నీడ పడితే కోడి ఒక్క కూత పెట్టి నక్కిపోతుందట, ఇంక చప్పుడే ఉండదు. పిల్లో ముంగిసో నేల మీద కనిపిస్తే మెడ నిక్కించి ఆపకుండా అరుస్తుంది. ఇది ఆ రెండూ కాదు, చిరాకు పడే అరుపు అన్నారు. "కోడికి రేచీకటి. కర్రెక్కాక తెల్లారేదాకా కదలదు. ఇన్నిసార్లు కదులుతోందంటే ఒంటి మీద ఏదో పాకుతోంది. లైటు పట్టుకెళ్లి కర్ర అడుగున చూడు."

చూశాను. కోళ్లు కూర్చునే అడ్డకర్ర గోడలోకి దిగే చోట, అడుగువైపు పగుల్లో, మిరియాల పొడి చల్లినట్టు బూడిదరంగు నలుసులు. లైటు దగ్గరగా పెడితే కదిలాయి. వేలితో రుద్దితే నెత్తురు మరక. పగలు అదే కర్రను ఎంత తేరిపార చూసినా ఏమీ కనపడదు.

మర్నాడు డాక్టరు గారు డ్యూటీ అయ్యాక ఇంటికే వచ్చారు. ఒక్కో పెట్టను ఒళ్లో పెట్టుకుని రెక్కల కింద చూశారు, తురాయి పాలిపోయిందని చూపించారు. ఇవి ఎర్ర మైట్లట, అంటే మిల్లీమీటరు కూడా లేని సన్న పురుగులు. పగలు చెక్కల సందుల్లో దాక్కుని, రాత్రి కోడి మీదికెక్కి నెత్తురు పీల్చి మళ్లీ సందుల్లోకి పోతాయి. వేడి వాతావరణంలో వారం తిరిగేసరికి కొత్త తరం తయారవుతుంది. తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి గనుక గూడు కొన్నాళ్లు ఖాళీగా ఉంచితే పోతాయనుకోవడానికి లేదు. "ముందు గూటికి వైద్యం చేయాలి" అన్నారాయన. ఏ మందు ఎంత కలపాలో, కొట్టాక గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో కాగితం మీద రాసిచ్చారు. ఫీజు ఇవ్వబోతే తీసుకోలేదు.

వీధి చివర వడ్రంగి బాబాయ్ అడ్డకర్రలన్నీ ఊడదీసి ఇచ్చారు. పక్క వాటా అబ్బాయి పుస్తకం పక్కన పెట్టి మరీ వచ్చి సలసల కాగే నీళ్లు మోశాడు. పాత ఊకంతా ఎత్తి కాల్చేశాం, మందు కొట్టాం, సందుల్లో సున్నం దట్టంగా పూశాం. మైట్ల గుడ్ల నుంచి వచ్చే పిల్లల కోసం వారం ఆగి మళ్లీ ఇదే పని. కోళ్లు పొర్లడానికి ఇసుక, బూడిద కలిపి ఒక గుంట కూడా చేశాం. ఇప్పుడు పొద్దు వాలితే పిలవక్కర్లేదు, వాటంతట అవే కర్రెక్కుతున్నాయి. తురాయిలకు మళ్లీ ఎరుపొచ్చింది.

పొద్దుటి గోల ఇంకోటి. అన్నిటికీ ఒకే గంపలో గుడ్డు పెట్టాలని, లోపలున్నది లేచేదాకా మిగతావి చుట్టూ తిరుగుతూ గొడవ. నాలుగైదు పెట్టలకు ఒక గంప ఉండాలని డాక్టరు గారు అన్నారు. మామ్మగారు అటక మీది పాత గంప దింపించి, గడ్డి పరిచి ఇచ్చారు. గుడ్డు పెట్టాక అరిచే అరుపు మాత్రం ఉంటుంది, అది కోడి నైజం. అందులోనూ గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది కాబట్టి ఆ అరుపు రోజుకో వేళకు జరుగుతూ ఉంటుంది. వీధి వాళ్లు దయచేసి కంగారు పడొద్దు.

మామ్మగారూ, డాక్టరు గారూ, బాబాయ్ గారూ, పక్క వాటా వాళ్లూ, మీ అందరికీ చేతులెత్తి నమస్కారం. డాక్టరు గారు చెప్పిన గడువు దాటింది, గుడ్లు ఇంటింటికీ పంపుతున్నాను, కాదనకండి. సున్నం సగం బస్తా మిగిలింది. మన వీధిలో ఎవరి గూటికి కావాలన్నా వచ్చి పట్టుకెళ్లండి, పూయడానికి నేనూ వస్తాను.