కట్ట మీదికి కుక్కలు వద్దనే ముందు బెల్టు మార్చి చూద్దాం

సంపాదకులకు నమస్కారం.

పొద్దున నడకకు వచ్చేవాళ్ళు పెద్ద కుక్కలను చూసి జంకుతున్నారని, పానగల్ చెరువు కట్ట మీదికి, ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌కు వాటిని రానివ్వకూడదని ఈమధ్య ఒక పాఠకుడు మీ పత్రికకు రాశారు. ఆయన భయంలో అబద్ధమేమీ లేదు. ఆయన చూసిన కుక్కల్లో మాదీ ఒకటి అయ్యుండొచ్చు.

మా అబ్బాయి ఉద్యోగం మారి వేరే ఊరు పోతూ తన లాబ్రడార్ కుక్కను నా దగ్గర వదిలాడు. పేరు టైసన్, బరువు 34 కిలోలు. నాకు అరవై దాటాయి, మోకాళ్ళు అంతంత మాత్రం. వచ్చిన వారానికే కట్ట మీద ఒక కొంగ లేచింది, దాని వెంట టైసన్ లేచింది, టైసన్ వెంట నేను. గొలుసును చేతికి రెండు చుట్లు చుట్టుకుని ఉన్నానేమో, వదిలేద్దామన్నా రాలేదు. మోచెయ్యి దోక్కుపోయింది. ఎదురుగా వస్తున్న పెద్దమనిషి పక్కకు దూకి రాళ్ళ మీద పడబోయాడు. ఆయన ఆ రోజు నన్ను తిట్టిన తిట్లన్నీ న్యాయమైనవే.

మర్నాడు షాపుకు పోతే చోక్ చైన్ చేతిలో పెట్టారు. "గుంజితే మెడకు బిగుస్తది మేడం, రెండు రోజుల్ల దారికొస్తది" అన్నాడు కుర్రాడు. రెండు వారాలైనా దారికి రాలేదు. దగ్గుతూ, గురగురమంటూ, కళ్ళు ఎర్రజేసుకుని మరీ గుంజేది. వెటర్నరీ డాక్టరమ్మకు చూపిస్తే ఆమె దాని గొంతు మీద నా వేలు పెట్టించి ఊపిరి గొట్టం ఎక్కడుందో తడిమించింది. చర్మం కింద, అంత పైపైనే ఉంది. మెడ పట్టీ మీద కుక్క గుంజుతుంటే కంట్లో ఒత్తిడి కూడా పెరుగుతుందని, మెడకు కాకుండా ఛాతీ చుట్టూ ఒంటికి వేసే పట్టీల తొడుగుతో, అంటే హార్నెస్‌తో, అలా పెరగలేదని పరీక్షల్లో తేలిందట. లోపలికి ముళ్ళుండే గొలుసు మాట ఇక ఎత్తనక్కర్లేదు. నొప్పి పుట్టినప్పుడు ఎదురుగా ఉన్న మనిషి వల్లే పుట్టిందని కుక్క అనుకుంటే, రేపు ఆ మనిషి మీదికే ఎగురుతుంది.

అసలు సంగతి మాత్రం మా వీధిలో ఒకప్పుడు ఎడ్లు కట్టిన తాత ఒక్క మాటలో తేల్చాడు. "మెడ మీద కాడి పెట్టేది బలంగ గుంజాలనే గద టీచరమ్మా. నువ్వు గట్లనే కట్టి, గుంజకు అంటే ఎట్ల?"

ఈ మాట హార్నెస్‌కు కూడా వర్తిస్తుంది. మన దగ్గర ఎక్కువగా దొరికే హార్నెస్‌లకు తాడు తగిలించే రింగు వీపు మీద ఉంటుంది. అది గొంతును కాపాడుతుంది, నిజమే. కానీ బరువంతా ఛాతీ మీద ఆనుతుంది గనక పెద్ద కుక్క ఇంకా హాయిగా, ఇంకా బలంగా గుంజుతుంది. గుంజే కుక్కకు కావలసింది ఛాతీ ముందు రింగు ఉన్నది. కుక్క ముందుకు ఉరికినప్పుడు తాడు దాని ఒంటిని పక్కకు, మన వైపు తిప్పుతుంది. ఊపిరాడకపోవడం, నొప్పి ఏమీ ఉండవు, ఉరుకు మాత్రం తెగుతుంది.

కొనేటప్పుడు ముందు నుంచి చూస్తే పట్టీలు ఇంగ్లీషు వై (Y) అక్షరంలా దిగాలి. భుజాల మీద అడ్డంగా పడే పట్టీ నడకను పట్టేస్తుంది. పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్ళు దూరాలి. నాలుగు దూరితే కుక్క వెనక్కి జరిగి బయటపడుతుంది, మాకు ఆన్‌లైన్‌లో వచ్చిన మొదటి హార్నెస్‌తో అదే జరిగింది. ముందు కాళ్ళ చంకల్లో ఒరుసుకుంటుందా అని మొదటి వారం రోజూ వెంట్రుకలు పక్కకు తీసి చూడాలి. మన ఎండలకు దళసరి స్పాంజి ఉన్నది అక్కర్లేదు, వెడల్పు నాడా చాలు. ఇంటికి రాగానే విప్పేయాలి. తాడు ఐదారు అడుగులది సరిపోతుంది. గుంజితే సాగి, బటన్ నొక్కితే ఆగే తాళ్ళు పెద్ద కుక్కకు వద్దు. సన్నటి దారం చేతిని కోస్తుంది, పైగా గుంజితే తాడు సాగుతుందని కుక్కకు మనమే నేర్పినట్టవుతుంది.

యాభై కిలోల రాట్‌వీలర్ ఉన్నవాళ్ళకు మొహానికి వేసే హెడ్ హాల్టర్ ఉంది. ముక్కు కుట్టకుండా వేసిన ముకుతాడు అనుకోండి. తల ఎటు తిరిగితే ఒళ్ళు అటే. చాలా కుక్కలకు మొదట నచ్చదు, కాళ్ళతో రుద్దుకుంటాయి. తిండి పెడుతూ వారం పది రోజులు అలవాటు చేయాలి, దాన్ని పట్టుకుని ఎప్పుడూ జర్కు ఇవ్వకూడదు. వేశాక నోరు బాగా తెరిచి నాలుక చాచి వగర్చగలగాలి. మే నెలలో నల్లగొండలో వగర్చలేని కుక్క బతకడం కష్టం.

ఏది తొడిగినా సగం పనే. తాడు బిగిస్తే నేను ఆగిపోతాను, వదులైతే నడుస్తాను, పక్కన నడిస్తే ఉడకబెట్టిన గుడ్డు ముక్క. మొదటి రోజు మా గేటు నుంచి వీధి మూలకు పోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పాల పిల్లవాడు నవ్వాడు, నవ్వనీ.

ఇక నిషేధం సంగతి. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం, 1960లోని 11వ సెక్షన్ ప్రకారం మరీ పొట్టి, మరీ బరువైన గొలుసుతో గంటల తరబడి కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తిప్పకపోవడమూ నేరమే. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు, అందుకే ఎవరికీ పట్టదు. ఇంకోవైపు, జంతువు వల్ల మనిషికి ప్రమాదం జరగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అంటే తిప్పాలి, అదుపులో ఉంచుకుని తిప్పాలి. కట్ట మీదికి రావద్దంటే ఈ కుక్కలన్నీ ఇంటి ముందు గొలుసుకే పడి ఉంటాయి. అలా పడున్న కుక్క ఒక రోజు గొలుసు తెంచుకుంటే కొంగను చూసి ఉరికిన టైసన్ ఎంతో నయం.

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. ఏటా జూలై 6న, జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే రోగాల గురించి జరిపే రోజు) నాడు, పశువైద్యశాలల్లో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. పెద్ద కుక్కలన్నీ ఒక్కచోటికి వచ్చే రోజు అదొక్కటే. లైన్లో గొలుసులు బిగబట్టుకుని నిలబడ్డవాళ్ళను చూస్తే ఎవరు ఎవరిని తెచ్చారో తెలియదు. అక్కడ ఒక బల్ల వేసి, ముందు రింగు హార్నెస్ ఎలా కొలవాలో, ఎలా తొడగాలో చూపించమని పశుసంవర్ధక శాఖను కోరుతున్నాను. షాపుల వాళ్ళు కూడా కుక్కను తెచ్చి తొడిగి చూసుకోనిస్తే బాగుంటుంది. చెప్పులు తొడిగి చూడకుండా కొంటామా?

సైజు దొరకనివాళ్ళు దిగులు పడొద్దు. టైసన్‌ది చివరికి ఆటో సీటు కవర్లు కుట్టే అతనే కుట్టి ఇచ్చాడు, అంగుళంన్నర నాడాతో, మూడు ఇనుప రింగులతో, 350 రూపాయలకు. వచ్చే జూలై 6న దాన్ని తొడిగి టైసన్‌ను పశువైద్యశాలకు తెస్తాను. కావలసినవాళ్ళు ఒక టేపు తెచ్చుకుంటే కొలతలు రాసుకుని పోవచ్చు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
నల్లగొండ