సలాలా ఫోటోల పక్కన ఇంకో నాలుగు లైన్లు వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో ఒమన్ దేశంలోని సలాలా టూర్ గురించి వచ్చింది మస్కట్‌లో మా రూములో నలుగురం ఫోన్లో చదివాం. ఎడారి దేశంలో పచ్చటి కొండలు, పొగమంచు అని రాశారు, అందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. నేను తొమ్మిదేళ్లుగా ఇక్కడ ఒక కంపెనీ స్టోర్లో పనిచేస్తున్నా, సలాలా మొదటిసారి చూసింది మాత్రం కిందటి ఆగస్టులో. సెలవు దొరికితే ఇంటికి పరిగెత్తుతాం కానీ సలాలాకి ఎవరు పోతారండీ.

దారి సంగతి ముందు చెప్తా, అది నిజంగా చెప్పుకోదగ్గది. మస్కట్ నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్లు. నిజ్వా వైపు కొండలు, కోట, ఖర్జూరం తోటలు, కళ్లకి పని ఉంటుంది. ఆదం దాటాక ఏమీ ఉండదు, ఏమీ అంటే ఏమీ లేదు, స్కేలు పెట్టి గీసినట్టు రోడ్డు, రెండు పక్కలా మట్టిరంగు, అక్కడ భయపడాల్సింది రెండింటికే: అడ్డం వచ్చే ఒంటెకి, స్టీరింగ్ ముందు వచ్చే కునుకుకి. తుమ్రైత్ దాటి కొండెక్కాక మాత్రం కారు మీటర్లో 42 చూపిస్తున్న వేడి చూస్తూ చూస్తూ 25కి దిగిపోయింది, అద్దం మీద తుంపర పడింది, వైపర్ స్విచ్ ఎటు ఉందో మావాడు వెతుక్కున్నాడు! మన దగ్గర వానలు కురిపించే నైరుతి గాలులే అక్కడి దోఫార్ కొండలకి తగిలి ఈ తుంపర పడుతుంది. జూన్ 21 నుంచి సెప్టెంబర్ 21 దాకా ఉండే ఈ కాలాన్ని ఖరీఫ్ అంటారు, మన ఖరీఫ్ పంట పేరూ ఆ అరబ్బీ మాట నుంచి వచ్చిందే.

ఇక అసలు విషయం. మధ్యలో హైమా దగ్గర ఆగాం, మా చిన్నమ్మ కొడుకు అక్కడ ఒక క్యాంపులో ఉంటాడు. నాలుగేళ్ల కిందట మస్కట్‌లోని మత్రా దగ్గర సముద్రం ఒడ్డున కారుకి ఆనుకుని దిగిన ఫోటో ఒకటి స్టేటస్‌లో పెట్టా. కారు కంపెనీది, ఆ రోజు స్పేర్ పార్ట్స్ డెలివరీకి వెళ్లా, ఆ ముక్క ఫోటోలో ఎక్కడ కనిపిస్తుంది? అది చూసి వాడు నాతో మాట మాత్రం చెప్పకుండా అప్పు చేసి ఒక ఏజెంటుకి లక్షన్నర కట్టేశాడు. డ్రైవర్ పని అన్నారట, దిగాక చేతికి పార ఇచ్చారు. జూన్, జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలుంది, వాళ్ల సైటులో అది పాటిస్తారు, ఆ మాటా చెప్పాలి. కానీ మూడున్నరకి ఎండ పోతుందా ఏం?

టూర్ పేజీలు వేయొద్దని నా ఉద్దేశం కాదు, వేయండి, మేమూ చదువుతాం. పక్కన చిన్న బాక్సు కట్టి ఇవి కూడా వేయండి. రిజిస్టర్ అయిన ఏజెంటు సర్వీస్ ఛార్జీ కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఆ ఏజెంటు అసలువాడో కాదో మన కేంద్ర ప్రభుత్వం ఈమైగ్రేట్ సైట్‌లో చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని. 2023లో వచ్చిన ఒమన్ కార్మిక చట్టం ప్రకారం ఏడాదికి 30 రోజుల సెలవు, మనం రాసివ్వకుండా పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గర పెట్టుకోకూడదు. ఎన్‌ఓసీ, అంటే మాకు అభ్యంతరం లేదని పాత కంపెనీ ఇచ్చే కాగితం, లేకుండా కంపెనీ మారే వీలు 2021 జనవరి నుంచి ఉంది, అయితే కాంట్రాక్టు పూర్తవ్వాలి. మా తమ్ముడికి వీటిలో ఒక్కటీ తెలియదు, పాస్‌పోర్ట్ ఎక్కడుందిరా అంటే "ఆఫీసులో భద్రంగా ఉందన్నా" అన్నాడు సంతోషంగా. ఏ కాగితం మీద సంతకం పెట్టాడో వాడికే గుర్తులేదు.

టీ తాగి బయల్దేరుతుంటే "అన్నా, సలాలా ఎట్లుందో ఫోటో పంపు" అన్నాడు. వాడుండేది ఆ రోడ్డు పక్కనే, వచ్చిపోయే కార్లన్నీ చూస్తాడు, ఆ ఊరు మాత్రం చూడలేదు. దర్బాత్ లోయలో దిగిన ఫోటో నేను స్టేటస్‌లో పెట్టలేదు, బుద్ధొచ్చింది కదా, వాడొక్కడికే పంపా.

రాత్రికల్లా అది వాడి స్టేటస్‌లో ఉంది.

ఇట్లు,
మస్కట్ నుంచి మీ పాఠకుడు