మంత్రిగారూ, మా కోటిపల్లి రైలు రెండోసారి పోయింది

గౌరవనీయులైన రైల్వే శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కాకినాడ–కోటిపల్లి లైను గురించి రాస్తున్నాను. మొత్తం కలిపి 45 కిలోమీటర్లు. రైల్వే మ్యాపులో గోదావరి ఒడ్డుదాకా వచ్చి ఆగిపోయే చిన్న గీత. మాకు మాత్రం అది ఒకసారి పోయి, అరవై ఏళ్ల తర్వాత తిరిగొచ్చి, మళ్లీ పోయిన రైలు.

ఈ లైను మొదట 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధం అవసరాలకని 1940లో పట్టాలు పీకి పట్టుకుపోయారు. అప్పటికి మా నాయనమ్మ చిన్నపిల్ల. పట్టాలు పోయాక మిగిలిన మట్టిగట్టును ఆవిడ ఎప్పుడూ ‘రైలుకట్ట’ అనే పిలిచేది. ‘రైలుకట్ట మీద గేదె పోతోంది, తోలుకురారా’ అనేది. రైలును చూడకముందే నాకు ఆ మాట వచ్చు.

ఈ లైను మళ్లీ రావాలని పట్టుబట్టిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. 2004లో రైలు వచ్చింది, ఆయన చూడలేదు. తర్వాత దీని మీద రైలుబస్సు తిరిగింది. ఒకటే పెట్టె. కరప, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా, వరిచేల మధ్య నుంచి నెమ్మదిగా పోయేది. చప్పుడుకి కొంగలు లేచి, అది దాటగానే మళ్లీ అక్కడే వాలేవి.

ఒక కార్తీక సోమవారం నాయనమ్మను అందులో కోటిపల్లి తీసుకెళ్లాను. ఒక చేత్తో కిటికీ ఊచ, ఇంకో చేత్తో కొబ్బరికాయల సంచి పట్టుకుని, ఎవరు పలకరించినా మాట్లాడకుండా బయటికే చూస్తూ కూర్చుంది. రేవులో స్నానం, సోమేశ్వరస్వామి దర్శనం అయ్యాక తిరుగుప్రయాణంలో తడిచీర కొంగు కిటికీ దగ్గర పట్టుకుంది. ఇంటికొచ్చేసరికి ఆరిపోయింది. ‘అప్పుడు కూడా మా అమ్మ ఇలాగే ఆరేసుకునేదిరా’ అంది. ఆ రోజు రైలు గురించి ఆవిడన్న మాట అదొక్కటే.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దేశంలో ప్రయాణికుల రైళ్లన్నీ ఆగాయి. తర్వాత ఒక్కొక్కటీ కదిలాయి. మాది కదల్లేదు. మా ఊరి ప్లాట్‌ఫాం మీద ఇప్పుడు వడ్లు ఆరబోస్తున్నారు. బోర్డు మీద ఊరిపేరు ఇంకా కనిపిస్తోంది. మా అమ్మాయి పట్టాలు చూసి ఇదేంటని అడిగితే, నా నోట కూడా ‘రైలుకట్ట’ అనే వచ్చింది. నాకు చాలా కష్టమనిపించింది.

ఆ బండికి జనం ఎక్కడున్నారని ఎవరైనా అడగొచ్చు. అది తిరిగిన వేళ చూడండి. పొద్దున కాకినాడలో బయల్దేరి కోటిపల్లి వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లేది. మాకు కావలసింది దానికి సరిగ్గా ఎదురు. కాలేజీ పిల్లలు, పెద్దాసుపత్రికి వెళ్లేవాళ్లు, కోర్టు పనులున్నవాళ్లు పొద్దున కాకినాడ చేరాలి, సాయంత్రం ఇళ్లకు రావాలి. ముక్తేశ్వరం నుంచి పంటు మీద గోదావరి దాటి కోటిపల్లి రేవులో దిగే కోనసీమ వాళ్లకూ అంతే. వాళ్లెవరికీ పనికిరాని వేళకి బండి నడిపి, ఖాళీగా తిరిగిందని లెక్క రాసుకోవడం న్యాయం కాదు.

కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా లైను పొడిగించే పని జరుగుతోంది. గోదావరి పాయ గౌతమిలో వంతెన స్తంభాలు లేచాయి. చాలా సంతోషం. ఆ పని మంజూరై ఇరవై ఏళ్లు దాటింది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలూ దాటాలి కాబట్టి ఇంకా సమయం పడుతుంది, కాదనను. కానీ వేసి ఉన్న పట్టాల మీద బండి నడపడానికి ఆ వంతెనలతో పనిలేదు కదండీ.

మేం కొత్త లైను అడగడం లేదు. పొద్దున కోటిపల్లి నుంచి ఒక బండి, సాయంత్రం కాకినాడ నుంచి ఒక బండి. రైలుబస్సు పాతబడిందనుకుంటే రెండు పెట్టెల డెమూ (డీజిల్‌తో నడిచే ప్యాసింజర్ బండి) అయినా చాలు. ఆరు నెలలు ఆ వేళల్లో నడిపి, అప్పుడు టిక్కెట్లు లెక్కపెట్టించండి. వచ్చే కార్తీకం లోపల మొదలుపెట్టించండి. ద్రాక్షారామం, కోటిపల్లి వెళ్లే జనం మొదటి వారంలోనే మీకు కనిపిస్తారు.

ఇట్లు,
రామచంద్రపురం వైపు నుంచి ఒక ప్రయాణికుడు