నమ్మకం ఒకటి, ఓటు ఒకటి అయితే తప్పేనా?

సంపాదకుడికి,

అమెరికా ఎన్నికల వార్తల్లో పదేపదే కనబడే మాట ఒకటుంది. "వ్యక్తిగతంగా నేను అబార్షన్‌కు వ్యతిరేకిని, కానీ దాన్ని నిషేధించే బిల్లుకు మాత్రం ఓటెయ్యను." ఇలా అన్న నాయకుడిని గోడ మీద పిల్లి అని కొట్టిపారేయడం తేలిక. నమ్మకం నిజమైతే చట్టంలోనూ కనబడాలి కదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే అడిగేవాళ్లలో చాలామంది తాము కూడా ఆ లెక్కకు నిలబడరు.

2012 ఉపాధ్యక్ష అభ్యర్థుల డిబేట్ చూడండి. డెమొక్రాట్ల అభ్యర్థి జో బైడెన్, రిపబ్లికన్ల అభ్యర్థి పాల్ రయన్ ఇద్దరూ క్యాథలిక్కులే. అబార్షన్ తప్పన్న చర్చి బోధనను తన జీవితంలో ఒప్పుకుంటానని, ఇతరుల మీద మాత్రం రుద్దనని బైడెన్ అన్నారు. మనిషి తన ప్రజాజీవితాన్ని విశ్వాసం నుంచి ఎలా విడదీస్తాడో తనకు అర్థం కాదని రయన్ అన్నారు. బాగుంది. కానీ అదే వేదిక మీద, తమ ప్రభుత్వం వస్తే అత్యాచారం వల్ల వచ్చిన గర్భానికి మినహాయింపు ఇస్తుందని కూడా ఆయనే చెప్పారు. అంతకుముందు దాకా ఆయన సొంత వైఖరిలో ఆ మినహాయింపు లేదు. విడదీయలేమన్న మనిషే విడదీసి చూపించాడన్నమాట.

నన్ను తప్పు పట్టే పాఠకులు ఇక్కడ ఒక గట్టి మాట అంటారు. అబార్షన్ అంటే ప్రాణం తీయడమే అని నిజంగా నమ్మేవాడు "నేను చెయ్యను, మీ ఇష్టం మీది" అని ఎలా ఊరుకుంటాడు? దీనికి జవాబు నిషేధ చట్టాల్లోనే ఉంది. అమెరికా రాష్ట్రాల్లో ఇప్పుడు అమలవుతున్న నిషేధాలు దాదాపుగా అన్నీ శిక్షను డాక్టరుకో, సాయపడినవాళ్లకో వేస్తాయి, గర్భిణిని మాత్రం వదిలేస్తాయి. అబార్షన్‌ను హత్యగా చూసే శాసనసభ్యులే ఆమెను జైలుకు పంపడానికి వెనకాడారు. వెనకాడడం మంచిదే. తప్పు అని నమ్మడం వేరు, ఆ తప్పుకు పోలీసును, కోర్టును, జైలును తీసుకురావడం వేరని వాళ్లకూ తెలుసు. ఇక మిగిలింది గీత ఎక్కడ గీయాలన్న తగువే. నా మటుకు నాకు ఆ నిర్ణయం ఆ స్త్రీకే వదలాలి. అయితే ఈ ఉత్తరం రాసింది ఆ వాదన కోసం కాదు.

గీత ఎక్కడ గీశారో, ఎందుకు గీశారో చెప్పారా లేదా అన్నదే నేను చూసేది. ఆ పని శ్రద్ధగా చేసిన నాయకుడు మారియో కూమో. న్యూయార్క్ గవర్నరుగా ఉండగా 1984 సెప్టెంబరులో నోటర్ డామ్ అనే క్యాథలిక్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, చర్చి పెద్దలు తనను తప్పు పడుతున్న రోజుల్లోనే, ఈ విషయం మీద పెద్ద ఉపన్యాసం ఇచ్చారు. తాను, తన భార్య చర్చి బోధననే పాటించామన్నారు. అయితే పలు మతాలవాళ్లున్న సమాజంలో ఒక నమ్మకం చట్టం కావాలంటే దానికి విస్తృతమైన ఏకాభిప్రాయం కావాలని, నిషేధం పెట్టినా అబార్షన్లు ఆగవని వాదించారు. విడాకులు, గర్భనిరోధకాలు కూడా చర్చికి ఇష్టం లేనివే, వాటిని నిషేధించమని చర్చి అడగడం లేదు కదా అని గుర్తు చేశారు.

ఆయన్ను విమర్శించేవాళ్లు పట్టుకున్న మెలిక గట్టిదే. ఇదే కూమో తాను గవర్నరుగా ఉన్న 12 ఏళ్లూ మరణశిక్షను తిరిగి తెచ్చే బిల్లును ఏటా వీటో చేశారు. అక్కడ జనాభిప్రాయం ఆయనకు ఎదురుగా ఉంది, శాసనసభా ఎదురుగా ఉంది. అబార్షన్ దగ్గర కావాల్సిన ఏకాభిప్రాయం మరణశిక్ష దగ్గర ఎందుకు అక్కర్లేకపోయింది? ప్రభుత్వమే తన చేత్తో ప్రాణం తీయడం వేరు, ఒక మనిషి నిర్ణయానికి ప్రభుత్వం అడ్డం పడకపోవడం వేరు అన్నది నాకు తోచే జవాబు. అందరికీ అది చాలదని తెలుసు. అయినా ఆయనతో ఇంత లోతుగా పోట్లాడగలుగుతున్నామంటే కారణం ఆయన తన లెక్కను బయట పెట్టడమే.

బైడెన్ దగ్గర నాకు ఆ తృప్తి లేదు. పేద స్త్రీల అబార్షన్లకు కేంద్ర నిధులు దాదాపుగా ఆపేసిన హైడ్ సవరణను ఆయన దశాబ్దాల పాటు సమర్థించారు. 2019 జూన్‌లో, సొంత పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం పోటీలో ఉండగా, ఒక రోజు సమర్థిస్తున్నామని ఆయన ప్రచార బృందం చెప్పింది, మర్నాడే ఆయన వ్యతిరేకించారు. పరిస్థితులు మారాయన్నారు. మారాయేమో, రాత్రికి రాత్రి మారిన పరిస్థితి ఏమిటో మాత్రం నాకు బోధపడలేదు. అవతలి పక్షమూ తక్కువది కాదు. 1999లో టీవీలో తనకు అబార్షన్ అంటే అసహ్యమని, అయినా స్త్రీ ఎంపికకే తన మద్దతని చెప్పిన డొనాల్డ్ ట్రంప్, 2016లో నిషేధవాదుల అభ్యర్థి అయ్యారు.

1973 నుంచి 2022 దాకా ఇటువంటి మాటలకు పెద్దగా ఖర్చు లేదు. అబార్షన్‌ను రాజ్యాంగ హక్కుగా గుర్తించిన సుప్రీంకోర్టు "రో" తీర్పు అడ్డం ఉంది కాబట్టి ఎవరు ఏమన్నా చెల్లిపోయేది. 2022 జూన్ 24న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేశాక రాష్ట్రాల్లో ప్రతి ఓటుకూ బరువు వచ్చింది. 2024లో ఆరిజోనా సుప్రీంకోర్టు 1864 నాటి నిషేధాన్ని అమలు చేయొచ్చని చెప్పింది. తల్లి ప్రాణం కాపాడడానికి తప్ప దేనికీ అందులో మినహాయింపు లేదు. దాన్ని రద్దు చేసే బిల్లు రాష్ట్ర సెనేట్‌లో 16-14తో నెగ్గింది, ఇద్దరు రిపబ్లికన్లు పార్టీ గీత దాటబట్టే. వాళ్లలో ఒకరైన షానా బోలిక్ అబార్షన్ వ్యతిరేకి. పైగా ఆ చట్టాన్ని సమర్థించిన న్యాయమూర్తుల్లో ఆమె భర్త ఒకరు. ఆమె తన సొంత గర్భాల్లో ఎదురైన కష్టాలను సభలో చెప్పి, రద్దుకు ఓటేశారు. ఆమె నమ్మకం నాది కాదు. కానీ ఎందుకు ఓటేస్తున్నారో సభలోనే చెప్పారు, నాకు అది చాలు.

అందుకే పత్రికలకు ఒక విన్నపం. అభ్యర్థుల ఇంటర్వ్యూల్లో "మీరు దీన్ని నమ్ముతారా" అని అడిగి ఆపేయకండి. శిక్ష ఎవరికి, మినహాయింపులు ఏవి, ఖర్చు ఎవరు భరించాలి అని అడగండి. వాళ్ల జవాబు పక్కనే, ఇంతకుముందు ఏ బిల్లుకు ఎటు ఓటేశారో తేదీతో సహా అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు