గుప్పెడంటే ఎన్ని గ్రాములు?

సంపాదకుల వారికి నమస్కారములు.

బరువు తగ్గాలనుకునేవారి ఆహారం గురించి రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. గింజలు, నెయ్యి, కొబ్బరి వంటి క్యాలరీలు దండిగా ఉండే పదార్థాలను చూసి భయపడనక్కరలేదని, కొలతలో తింటే అవి బరువు తగ్గడానికి తోడ్పడతాయని అందులో రాశారు. ఆ మాటతో నాకు పేచీ లేదు, పైగా నా అనుభవమూ అదే. అయితే కొలత అన్నవారు ఆ కొలత ఏమిటో చెప్పకుండా "రోజూ గుప్పెడు తినండి" అని ఊరుకోవడం గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను.

వ్యాసం చదివిన రోజే వంటింటి తూకం బల్ల మీద పెట్టి, వేయించిన వేరుశనగ గుళ్లు ఒక గుప్పెడు తీసి తూచాను. నా గుప్పెడు 32 గ్రాములు తూగింది. మా వారిని పిలిచి ఆయన గుప్పెడు కూడా తూచితే 58 గ్రాములు వచ్చింది. వేరుశనగ గుళ్లలో 100 గ్రాములకు సుమారు 560 క్యాలరీలు ఉంటాయి కాబట్టి, ఒకే వ్యాసం చదివి, ఒకే సలహా పాటిస్తున్న మా ఇద్దరి మధ్య రోజుకు దాదాపు 145 క్యాలరీల తేడా వచ్చిందన్నమాట. నెల తిరిగేసరికి ఆ తేడా ఒంట్లో అర కిలో కొవ్వుకు సమానం. దోసకాయ ముక్కల విషయంలో గుప్పెడు అన్నా, గిన్నెడు అన్నా నష్టం లేదు. ఒక్క గ్రాము కొవ్వులోనే 9 క్యాలరీలు ఉంటాయి, పిండిపదార్థానికీ మాంసకృత్తులకూ గ్రాముకు నాలుగే. అందుకే గింజల దగ్గర, నూనె దగ్గర చేతి అంచనా పనికిరాదు.

నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. మోకాళ్ల నొప్పులు మొదలై, బరువు 78 కిలోలకు చేరిన రోజుల్లో ఒక ఆహార సలహాదారు దగ్గరకు వెళ్లాను. ఆయన ఇచ్చిన కాగితంలో వేరుశనగ, నువ్వులు, కొబ్బరి, నెయ్యి అన్నింటినీ ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. ఉడకబెట్టిన సొరకాయ, కీరా ముక్కలు, రెండు పుల్కాలు, పల్చటి మజ్జిగ, ఇంతే. మొదటి రెండు నెలల్లో 5 కిలోలు తగ్గిన మాట వాస్తవం. మూడో నెల నుంచి దువ్వెన పెడితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా రావడం, సాయంత్రం నాలుగయ్యేసరికి కళ్లు తిరగడం మొదలయ్యాయి. ఒకనాడు మనవడి కోసం తెచ్చిన కారప్పూస డబ్బా మూత తీసి, వంటింట్లో నిలబడే సగానికి పైగా ఖాళీ చేశాను. ఆ తరువాత అది తరచుగా జరిగింది. తగ్గిన 5 కిలోల్లో మూడు తిరిగి వచ్చేశాయి.

ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కరిగేవనీ, తోటకూరలోనూ క్యారెట్‌లోనూ ఉండే, ఒంట్లో ఎ విటమిన్‌గా మారే కెరోటిన్ ఒంటికి పట్టాలంటే భోజనంలో కొంత కొవ్వు ఉండాలనీ ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పిన నేను, ఆ కాగితాన్ని మాత్రం ప్రశ్నించలేదు. కొవ్వు బొత్తిగా లేకుండా వేగంగా బరువు తగ్గితే పిత్తాశయం సరిగా ఖాళీ కాక అందులో రాళ్లు ఏర్పడే ప్రమాదం పెరుగుతుందని కూడా తరువాతే గుర్తు చేసుకున్నాను.

ఆ పైన ఒక పోషకాహార నిపుణురాలు నా ఆహారంలోకి కొట్టేసిన వాటినే తిరిగి తెచ్చారు. నాలుగు గంటలకు 30 గ్రాముల వేరుశనగ గుళ్లు (పచ్చివి తూచి, ఆపైన ఉడకబెట్టుకోవాలి, ఉడికాక తూచితే నీటి బరువు కలిసి లెక్క తప్పుతుంది), మధ్యాహ్నం పప్పులో చిన్న చెంచాడు నెయ్యి, కూరలో నువ్వుల పొడి. అయితే ఆమె అంతకంటే ముఖ్యమైన మాట ఇంకొకటి చెప్పారు: వీటిని చేర్చినందుకు బదులుగా ఏది తీసేయాలో. 30 గ్రాముల వేరుశనగ సుమారు 170 క్యాలరీలు, 130 గ్రాముల అన్నమూ సుమారు అంతే. మా ఇంట్లో అన్నం వడ్డించే హస్తం నిండా పట్టేది ఇంచుమించు అంత. కాబట్టి వేరుశనగ చేరిన నాటి నుంచి ఒక హస్తం అన్నం తగ్గింది, నెయ్యి చేరినందుకు టీతో పాటు తినే బిస్కట్లు పోయాయి. నాలుగు గంటల ఆకలి తీరింది, కారప్పూస డబ్బా జోలికి వెళ్లలేదు. 14 నెలల్లో 9 కిలోలు తగ్గాను, అవి తిరిగి రాలేదు. వేగంగా తగ్గాలనుకునేవారికి ఈ లెక్క నచ్చకపోవచ్చు.

మీ వ్యాసంలో లోపించింది ఈ "బదులుగా" అన్న మాటే. మా పక్కింటి ఆవిడ ఇలాంటి సలహానే ఎక్కడో విని, మూడు పూటల భోజనం యథాతథంగా ఉంచి, దాని మీద జీడిపప్పు, బాదం, ఖర్జూరం చేర్చారు. రెండు నెలలకు రెండున్నర కిలోలు పెరిగి, గింజలు తింటే బరువు తగ్గుతారనడం వట్టి బూటకమని తేల్చేశారు. తప్పు గింజలది కాదు. నేను పనిచేసిన బడిలో మధ్యాహ్న భోజనంతో పాటు పల్లీ చిక్కీ ఇచ్చేవారు, పిల్లలు ఒళ్లు చేయాలనే. అదే వేరుశనగ నా విషయంలో బరువు తగ్గడానికి పనికొచ్చింది.

మన వాళ్లకు ఈ విషయంలో మధ్యేమార్గం రుచించదు కాబోలు. ఒక కాలంలో ఉప్పూ నూనే లేని వంటలు తిన్నాం. తరువాత కొన్నేళ్లకు అన్నం మానేసి రోజుకు 70 గ్రాముల కొబ్బరినూనె తాగే పద్ధతి ఊరూరా పాకింది. ఆ నూనె ఒక్కటే 630 క్యాలరీలు. రెండు పద్ధతుల్లోనూ కొందరు బరువు తగ్గారు, రెంటినీ ఎక్కువ కాలం కొనసాగించినవారు నాకు తెలిసినవారిలో లేరు.

కొలతలు కావాలంటే ఎక్కడికో వెళ్లనక్కరలేదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకు 2000 క్యాలరీల నమూనా పళ్లెంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, గింజలు 35, నూనె 27 గ్రాములు అని స్పష్టంగా ఉంది. ఆ 27 గ్రాములు చూశాక మా ఇంటి నూనె లెక్క వేశాను. ముగ్గురం ఉన్న ఇంట్లో నెలకు 4 లీటర్లు, అంటే తలకు రోజుకు 40 గ్రాములు. ఆవకాయ మీద తేలే నూనె ఇందులో కలపనేలేదు. వేరుశనగకు చోటు దొరకాలంటే ముందు తగ్గవలసింది ఆ నూనే.

ఇంకొక సంగతి కూడా ఉంది. గింజను నమిలి తిన్నప్పుడు అందులోని కొవ్వు మొత్తం ఒంటికి పట్టదు, కొంత కణాల గోడల్లోనే చిక్కుకుని బయటకు పోతుంది. బాదం గింజలపై అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, 28 గ్రాముల బాదంలో ఉంటాయనుకునే 170 క్యాలరీలకు గాను 129 మాత్రమే శరీరానికి అందాయని తేలింది. మెత్తగా రుబ్బితే ఈ లాభం చాలావరకు పోతుంది. ఇడ్లీ పక్కన గరిటెలతో వేసుకునే పల్లీ చట్నీని, నమిలి తిన్న గుళ్లను ఒకే గాటన కట్టకూడదు.

మధుమేహానికి మందులు వాడేవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, వేరుశనగ పడనివారు వైద్యుని అడిగాకే మార్పులు చేసుకోవాలన్న వాక్యం కూడా మీ వ్యాసంలో లేదు. అలాగే బాదం, వాల్‌నట్, అవకాడో, చియా బొమ్మలు వేశారు గాని, అనంతపురం చేలల్లో పండే వేరుశనగకు, ప్రతి ఇంటి పోపుల డబ్బా పక్కన ఉండే నువ్వులకు, అవిసెలకు ఒక్క బొమ్మ లేదు. పొట్టు తీయని నువ్వులు 10 గ్రాములు తింటే 100 మిల్లీగ్రాముల దాకా కాల్షియం వస్తుంది, వాటి ధర బాదం ధరలో ఎన్నో వంతు ఉంటుందో మీ పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

ఇకపై ఇటువంటి వ్యాసం ప్రచురించేటప్పుడు, ఎన్ని గ్రాములు తినాలో, అందుకు బదులుగా పళ్లెంలోంచి ఏది ఎంత తీసేయాలో రెండు పంక్తుల్లోనైనా అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను. తూకం లేని ఇళ్ల కోసం, 30 గ్రాముల వేరుశనగ గుళ్లను మామూలు టీ గ్లాసులో పోస్తే ఎంత వరకు వస్తాయో ఒక ఫొటో వేసినా చాలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెనాలి